మా అమ్మ కాదన్న చోటు

మా తమ్ముడి కొడుకు దినేశ్ పోయిన నెల బెంగళూరు నుంచి ఒక ఇంటిని తోలుకొచ్చి, చిత్తూరులో మా గేటు ముందు నిలబెట్టాడు. దాన్ని ఇల్లనే అనాలి. కారవాన్ అంటారట. లోపల రెండు మంచాలు, గ్యాసు పొయ్యి, చిన్న ఫ్రిజ్, ఏసీ, గోడకు టీవీ, ఒక మూల తలుపేసుకునే కక్కసు. ఎనభై దాటిన మా అమ్మ కారులో గంటసేపు కూర్చుంటే నడుము పట్టేస్తుందని, ఆమెను తిరుపతికి పడుకోబెట్టి తీసుకుపోవాలని వాడి ఆలోచన. వాడి ఆలోచనలన్నీ మంచివే, కాకపోతే వాటికి పార్కింగు దొరకదు. అమ్మ చేతికర్ర ఆనించుకుంటూ బండి చుట్టూ ఒకసారి తిరిగింది. మెట్టెక్కి లోపలికి తొంగి చూసి, మూలనున్న తలుపు తీసి, తీసిన చేత్తోనే మూసేసింది.

"దేవుడి కాడికి పోతా కక్కసు ఎంటబెట్టుకోని పోయేదా? ఏం కాలమొచ్చెరా నాయనా!"

"అవసరానికి ఉంటుందిలే అవ్వా," అన్నాడు దినేశ్.

"మీ పెద్దతాత బండిలో ఇదొక్కటి తప్ప అన్నీ ఉండె," అని అమ్మ నావైపు చూసింది. నేను బ్యాగు జిప్పు సరిచేస్తున్నట్టు తల వంచుకున్నాను.

ఆ బండి మాట ఎవరెత్తినా మొహం ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియదు. ఆ బండిలో పోయిన ప్రయాణంలోనే, తిరుపతి గాంధీ రోడ్డు నడిబొడ్డున, నలుగురి ముందు నేను మా అమ్మను అమ్మ కాదన్నాను. అప్పుడు నాకు ఆరేళ్ళో ఏడేళ్ళో. మిగతా వాళ్ళందరూ ఆ సంగతి చెప్పుకుని ఏళ్ళ తరబడి నవ్వారు. అమ్మ మాత్రం ఒక్కనాడూ నవ్వలేదు, తిట్టలేదు, ఆ ఊసే ఎత్తలేదు. తిట్టినా బాగుండేది. మనసులో పెట్టుకుందా, మరిచిపోయిందా అని ఎన్నోసార్లు అడగబోయి, నోరు రాక ఊరుకున్నాను. పెళ్ళయ్యాక అడగలేదు, పిల్లలు పుట్టాక అడగలేదు, చిత్తూరులో టీచరుగా రిటైరై, ఊళ్ళో పిల్లలందరికీ నీతులు చెప్పి చెప్పి అలిసిపోయాక కూడా అడగలేదు. ఈసారి తిరుపతిలో అడిగేయాలని ఆ గేటు ముందే తీర్మానించుకున్నాను.

మాది పలమనేరు పక్కన చిన్న పల్లె. మా నాయనకు అన్న, అంటే మా పెదనాయనకు, ఒక పాత వ్యాను ఉండేది. మామిడికాయల కాలమంతా అందులో కాయలు తోలేవాడు. కాయలు అయిపోగానే దాన్ని కడిగి, లోపల పలకలు వేసి, వాటి మీద బోద గడ్డి, గడ్డి మీద బొంతలు పరిచి, మధ్యలో మా జేజి పాత చీర తెరగా కట్టేవాడు. జేజి అంటే మా నాయనమ్మ. తెరకు అటు మగవాళ్ళు, ఇటు ఆడవాళ్ళు, పిల్లలు ఎటు తోస్తే అటు. కిరసనాయిలు స్టవ్వు, నీళ్ళ డ్రమ్ము, రాగిపిండి మూట, ఊరగాయ జాడీ, జేజి వక్కాకు సంచి, అన్నీ అందులోనే. బంధువులను ఎక్కించుకుని గుళ్ళూ గోపురాలూ తిప్పుకొచ్చేవాడు. ఎక్కడ చెట్టు నీడ కనబడితే అక్కడ మా వంటిల్లు. ఎంత కడిగినా ఆ బండిలో మాగిన కాయల వాసన పోయేది కాదు, దానికి కిరసనాయిలు వాసన తోడు. ఇప్పటికీ ఎవరింట్లోనైనా కాయలు మాగేస్తే నాకు కాళ్ళ కింద నేల కదులుతున్నట్టే ఉంటుంది. బండి పైకెక్కడానికి వెనకవైపు ఇనుప నిచ్చెన ఉండేది. పిల్లలు దాన్ని ముట్టుకోకూడదని జేజి హుకుం. ముట్టుకోవద్దన్నది ముట్టుకోకుండా ఉండే రకం కాదు నేను. ఎక్కాను, పడ్డాను, ఎడమ మోచెయ్యి బూరెలా వాచింది. జేజి తిడుతుందని రెండు రోజులు ఎవరికీ చెప్పకుండా ఆ చేతిని గౌను చాటున దాచుకుని తిరిగాను.

బయటపడింది అమ్మ దగ్గరే. తెల్లవారగానే అమ్మకు మొదటి పని నా తల. గడప మీద కూర్చుని, నన్ను రెండు మోకాళ్ళ మధ్య ఇరికించుకుని దువ్వేది. నేను కదిలితే వేలి మెటికతో నడినెత్తిన ఒకటి వేసి, "తల తిప్పొద్దు మే" అనేది. ఆ చేతులకు ఎప్పుడూ ఆముదం, పొయ్యి పొగ కలిసిన వాసన. నా తల అయ్యాక తన తల. మా అమ్మ జుట్టు మోకాళ్ళు దాటి ఉండేది. ఆదివారం శీకాయతో రుద్దుకుని, నులక మంచం మీద వెల్లకిలా పడుకుని జుట్టంతా మంచం అంచు నుంచి కిందికి వదిలేది. జేజి కింద కూర్చుని, బుట్ట బోర్లించి సాంబ్రాణి పొగ పట్టేది. వారంలో ఆ అత్తాకోడళ్ళు కీచులాడుకోకుండా మాట్లాడుకునేది ఆ కాసేపే. ఊళ్ళో సగం మందికి అమ్మ పేరు తెలియదు, జడామె అంటే మాత్రం ఎవరైనా మా ఇల్లు చూపించేవాళ్ళు.

మూడో రోజు దువ్వేటప్పుడు నా చెయ్యి చూసి అమ్మ గుండె బాదుకుంది. ఎముకల కట్టుకు పేరుపడ్డ పుత్తూరుకు తీసుకుపోయారు. ఆకు పసరు, కోడిగుడ్డు సొన పూసి, వెదురు దబ్బలు పెట్టి గుడ్డ చుట్టి కట్టు కట్టారు. కట్టిన పెద్దాయన, "రెండు దినాలు ఆలస్యం జేసినారమ్మా. ఎముక అతుక్కుంటాది గానీ, కొంచెం వంకర నిలస్తాది," అన్నాడు. తప్పు నాది, మాట పడింది అమ్మ. ఆమె అక్కడికక్కడే ఏడుకొండలవైపు తిరిగి, బిడ్డ చెయ్యి వస్తే ముగ్గురం తలనీలాలు ఇస్తామని మొక్కుకుంది. కట్టు విప్పే రోజుకు పెదనాయన బండి సిద్ధం చేశాడు, అట్నుంచి అటే తిరుపతికి పోయి మొక్కు కూడా తీర్చేద్దామని. కట్టు విప్పారు. చెయ్యి వచ్చింది, పెద్దాయన చెప్పినట్టే కొంచెం వంకరగా, మోచేతి దగ్గర ఎముక ఒక పక్కకు పొడుచుకుని. జేజి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "సెయ్యి సగమే గదమ్మే వచ్చింది. నువ్వు గూడా సగం గుండు కొట్టించుకో, సరిపోతాది," అంది. బండంతా ఒకటే నవ్వు. అమ్మ, "మొక్కింది మొక్కిందే అత్తా," అని ఊరుకుంది. నాకు అందులో భయపడాల్సింది ఏమీ కనబడలేదు. మా ఇళ్ళలో ఆడవాళ్ళు తలనీలాలు ఇవ్వడమంటే మూడు కత్తెర్లు ఇవ్వడమే. జుట్టు చివర మూడుసార్లు కత్తిరించి ఇచ్చేసి, మళ్ళీ జడేసుకుని ఇంటికి వచ్చేసేవాళ్ళు. అమ్మ చేసేదీ అంతేననుకున్నాను. ఆడవాళ్ళలో గుండు నాకొక్కదానికే అని నా ఏడుపు.

తిరుపతిలో స్టేషనుకు అవతల ఖాళీ నేలలో బండి నిలబెట్టారు. మా వాళ్ళకు ఒక అలవాటు ఉండేది. కిందనే సత్రంలో తలనీలాలు ఇచ్చేసి, నీళ్ళు పోసుకుని, పసుపు బట్టలు కట్టుకుని, ఆ తలతోనే మెట్లెక్కి కొండకు నడవాలి. సత్రంలో ఆడవాళ్ళకొక వరస, మగవాళ్ళకొక వరస. నన్ను నాయన తన వరసలోకి తీసుకుపోయాడు. మా ఇద్దరికీ గుండ్లు అయిపోయి, నెత్తిన గంధం పూసుకుని, నాయన పసుపు పంచె, నేను పసుపు గౌను వేసుకుని వచ్చేసరికి ఆడవాళ్ళ వరస ఇంకా వాకిలి దాటి బయటికి ఉంది. జేజి బండి దగ్గర సంగటి కెలుకుతూ ఉండిపోయింది. "మీయమ్మ వచ్చేలోపల బజారు సూసొద్దాం పా," అన్నాడు నాయన.

అప్పటిదాకా నేను చూసిన పెద్ద జనం పలమనేరు సంత. గాంధీ రోడ్డులోకి తిరగగానే నా కాళ్ళు నడక మరిచిపోయాయి. ఇంతమంది మనుషులు ఉంటారని, ఉన్నా అందరూ ఒకే వీధిలోకి వస్తారని నేను కలలో కూడా అనుకోలేదు. రెండువైపులా కుంకుమ రాశులు, ఇత్తడి బిందెలు, గాజుల దండలు, ఎర్ర చెక్క బొమ్మలు. జట్కాలవాడు అదిలించేది ఒక భాష, బొరుగులమ్మేవాడు అరిచేది ఇంకో భాష. మైకులో పాట, దానిమీద ఇంకో మైకులో ఇంకో పాట. గుర్రపు పేడ, మల్లెపూలు, కాగిన నూనె, కర్పూరం, అన్నీ ఒకేసారి ముక్కులో దూరాయి. అన్నిటికంటే నన్ను దిమ్మెరపోయేట్టు చేసినవి గుండ్లు. ఎటు చూసినా గంధం పూసిన గుండ్లు, పసుపు బట్టలు. ముసలీ ముతకా, ఆడా మగా అని లేదు. ఆడవాళ్ళ గుండ్లు నేను చూడడం అదే మొదలు. కొప్పు ఉండాల్సిన చోట ఏమీ లేకుండా, చెవులు ఇంతింత పొడుచుకుని, వాళ్ళు మామూలుగా నవ్వుకుంటూ గాజులు బేరమాడుతుంటే నాకు ఏడుపొచ్చింది.

మా నాయనకు తాళాల పిచ్చి. తాళం వేసి దాచుకునేంత సామాను మా ఇంట్లో ఎప్పుడూ లేదు, అయినా ఏ ఊరు పోయినా తాళం కప్పలు చూడకుండా రాడు. ఆయన ఒక అంగట్లో కప్పను చెవి దగ్గర పెట్టుకుని తాళం తిప్పి వింటుంటే, నేను చెయ్యి విడిపించుకుని చెక్కబొమ్మలవైపు నాలుగడుగులు వేశాను. వెనక్కి తిరిగితే నాయన గుండు, పసుపు పంచె కదిలి ముందుకు పోతున్నాయి. పరుగెత్తి చెయ్యి పట్టుకున్నాను. ఆ తోపులాటలో చాలా దూరం నడిచాం. చెక్కబొమ్మ కొనిపెట్టమని చెయ్యి లాగితే ఆయన కిందికి చూసి కన్నడంలో ఏదో అన్నాడు. మా నాయన కాదు! ఎవరో బుర్ర మీసాలాయన. అతను నాకంటే ఎక్కువ హడలిపోయి చెయ్యి వదిలించుకున్నాడు. నేను ఆ వీధి మధ్యలో నిలబడి ప్రాణం పోతున్నట్టు కేక పెట్టాను.

రోడ్డు పక్కన గంప ముందు పెట్టుకుని పూలు కడుతున్న ఒక లావాటి ఆమె నన్ను లాక్కుని పక్కన కూర్చోబెట్టుకుంది. "ఏడవద్దు పాపా. మీయమ్మ ఎట్లుంటాది, చెప్పు. నేను పిలిపిస్తా."

"మా అమ్మకు ఈడి దాకా జడ ఉండాది," అని మోకాళ్ళు చూపించాను.

ఆమె నిట్టూర్చి, పోయేవాళ్ళందరికీ చెప్పింది. "పొడుగు జడామె ఎవరన్నా బిడ్డ కోసరం ఎతకతా ఉంటే ఈడికి పంపీండప్పా." సైకిలు పట్టుకుని నిలబడిన ఒకతను, "పాపను ఎవురికి పడితే వాళ్ళకు ఇయ్యొద్దక్కా. ఇప్పుడే బొమ్మలంగడి కాడ ఎవరో గుండామె ఒక బిడ్డను సంకనేసుకోని పోయిందంట. వాళ్ళమ్మ ఎంటబడి పట్టుకునిందంట," అన్నాడు. పూలామె నన్ను ఇంకా దగ్గరికి లాక్కుంది. నేను ఆమె కొంగు గట్టిగా పట్టుకుని, పోయే గుండామెలందరినీ బెదురుగా చూశాను.

అప్పుడు ఒక గుండామె జనాన్ని తోసుకుంటూ పరుగెత్తుకొచ్చింది. నెత్తి మీద గంధం చెమటకు కారి కళ్ళలోకి దిగుతోంది. రవిక భుజం దగ్గర చిరిగి ఉంది. వస్తూనే నా ఎడమ చెయ్యి పట్టుకుని మోచెయ్యి తడిమి, "ఇదే, ఇదే నా బిడ్డ," అని బావురుమంది. నేను చెయ్యి లాక్కుని పూలామె వీపు వెనక దూరాను.

"మా అమ్మ కాదు!"

గొంతు అమ్మదే. అది నాకు తెలుసు. కానీ ఆ మొహంలోంచి ఆ గొంతు రావడమే నన్ను ఇంకా భయపెట్టింది. జనం మూగారు. సైకిలతను, "ఈమేనంటప్పా, సూడండి, ఇందాకటి ఆమె!" అని అరిచాడు. ఎవరో అమ్మ రెక్క పట్టుకున్నారు. ఒక ముసలామె వీపు మీద చరిచింది. అమ్మ, "నా బిడ్డప్పా, నా బిడ్డ," అంటూనే ఉంది. "మీయమ్మేనా పాపా, బాగా సూసి చెప్పు," అని పూలామె నన్ను ముందుకు తెచ్చింది. నేను చూశాను. బాగానే చూశాను. మళ్ళీ, "కాదు" అన్నాను. అమ్మ అరుపు ఆగిపోయింది. ఆ మొహం నేను ఇప్పటికీ మరిచిపోలేదు.

ఆమె ఆ మట్టిలోనే చతికిలబడింది. "పాపను ముట్టుకోనీండప్పా, యాడికీ పోదులే," అంది పూలామె. అమ్మ నన్ను తనవైపు వీపు పెట్టి రెండు మోకాళ్ళ మధ్య కూర్చోబెట్టుకుంది. నేను గింజుకున్నాను. నడినెత్తిన, బోడి గుండు మీద, వేలి మెటికతో ఒకటి పడింది. "తల తిప్పొద్దు మే." చేతుల్లోంచి ఆముదం, పొగ వాసన వచ్చింది. నేను వెనక్కి తిరగకుండానే అమ్మా అని ఏడ్చాను. వెనక్కి తిరిగి ఆ మొహం చూడడానికి మాత్రం మరునాడు మెట్లెక్కేదాకా ధైర్యం చాలలేదు.

ఆ రోజు నుంచి జనంలో అమ్మ నా చెయ్యి పట్టుకోవడం మానేసింది, మోచెయ్యి పట్టుకునేది. ఎముక బలంలేనిదని కాబోలు అనుకున్నాను. బడిలో చేర్చిన రోజు అంతే, కాలేజీ బస్సు దగ్గర అంతే, నా పెళ్ళిలో పీటల మీదికి తీసుకుపోయేటప్పుడు కూడా అంతే. జుట్టు మళ్ళీ పెరిగింది గానీ నడుము దాటలేదు. జేజి ఆదివారం సాంబ్రాణి వేస్తూ, "అమ్మ కాదన్న పిల్ల యాడుండాది, పొగ ఊదమను," అని నన్ను పిలిచేది. ఇంట్లో అందరూ నవ్వేవాళ్ళు. అమ్మ కళ్ళు మూసుకుని పడుకునేది.

ఈసారి కారవాన్‌లో అమ్మ పడుకోలేదు. దారి పొడుగునా కిటికీకి అతుక్కుని కూర్చుంది. దర్శనం బాగా జరిగింది. కొండ దిగాక, "గాంధీ రోడ్డుకు పోదాం," అంది. దినేశ్ నెత్తి పట్టుకున్నాడు. "అవ్వా, ఈ బండి ఆ రోడ్డులో దూరదు. ఎండ. జనం. నీకేం కావాలో చెప్పు, ఫోన్లో తెప్పిస్తా."

"నాకు కావాల్సింది ఫోన్లో రాదులేరా," అని ఆమె కర్ర తీసుకుంది. ఇద్దరం ఆటో ఎక్కాం.

వీధి అదే, కానీ పోల్చుకోవడానికి నేను చాలా తంటాలు పడ్డాను. జట్కాలు లేవు, వాటి పేడా లేదు. మైకులకు బదులు ప్రతి అంగట్లోనూ ఒక స్పీకరు. చంటి పిల్లల చేతులకు ఫోన్ నంబరు రాసిన పట్టీలు. తల్లులు రెండడుగులకొకసారి పిల్లల్ని ఫొటో తీసుకుంటున్నారు. ఈ కాలంలో అయితే ఎవరైనా ఒక్క ఫొటో చూపిస్తే మా గొడవ తీరిపోయేది. గుండ్లు మాత్రం అప్పటిలాగే. పూలామె కూర్చున్న చోట ఇప్పుడు ఫోన్ కవర్ల అంగడి. అమ్మ సరిగ్గా దాని ముందు ఆగింది. అంగడి అబ్బాయి స్టూలు వేశాడు. అమ్మ కూర్చుంది. మరిచిపోలేదని తెలిసిపోయింది. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ లేదని అనేశాను.

"అమ్మా, ఆ పొద్దు నిన్ను కాదన్నాను. తెలిసే అన్నాను. గొంతు పోల్చుకున్నాను గూడా. అది నీ మనసులో ఉండాదా?"

అమ్మ కర్రను మోకాళ్ళ మీద అడ్డంగా పెట్టుకుంది. "నువ్వు అడగతావనే ఇన్నేండ్లు భయపడినా," అంది. "నువ్వు నన్ను గుండుతో సూసిందే లేదు. ఆరేండ్ల బిడ్డవి. నీ తప్పేముండాది? నేను బయటికొస్తే మీ నాయన ఒక్కడే తాళం కప్ప పట్టుకోని నిలబడినాడు, నోట్లో మాట లేదు. పరిగెత్తినా. బొమ్మలంగడి కాడ ఒక గుండు పాప. నీ ఎత్తే, నీ పసుపు గౌనే. ఏడస్తా ఉండాది. నన్ను సూసి, అమ్మా అనింది. ఎత్తుకున్నా. ముద్దు పెట్టుకున్నా. సంకనేసుకోని సత్రం దోవ పట్టినా."

స్పీకరు మోతలో ఆమె మాట పోతుందని నేను ఇంకా దగ్గరికి వంగాను.

"కొంత దూరం పోయినాక ఆ బిడ్డ నా మెడ సుట్టూ సేతులేసింది. రెండు సేతులూ సక్కగా ఉండాయి. అప్పుడు తెలిసింది. అంతలోకే వాళ్ళమ్మ ఎనకనించి రవిక పట్టుకోని లాగి కొట్టింది. కొట్టనీ అనుకున్నా. ఆ బిడ్డ వాళ్ళమ్మ గూడా నాలాంటి గుండామే, అందుకే ఆ బిడ్డ యామారింది. మరి నేను? నిన్ను కన్నదాన్ని గదా మే. కన్నదాన్ని ఎట్ల యామారినాను? పరాయి బిడ్డను నా బిడ్డే అనుకోని ఎత్తుకుపోతా ఉంటే నువ్వు ఈడ ఏడస్తా ఉండావు. వాళ్ళంతా నువ్వు కాదన్నావని నవ్వేటప్పుడు, నన్నే అంటా ఉండారని నాకు అనిపించేది."

బొమ్మలంగడి దగ్గర బిడ్డను ఎత్తుకుపోయిన గుండామె మా అమ్మే! నిజం చెప్పాలంటే మొదట నాకు కోపం వచ్చింది. ఎవరి బిడ్డనో ముద్దు పెట్టుకుందని, ఈ వయసులో, మనవరాళ్ళున్న దాన్ని, నాకు కోపం వచ్చింది. ఆ తరువాత సిగ్గేసింది. ఆ ఆదివారాలన్నీ సాంబ్రాణి పొగలో కళ్ళు మూసుకున్నది నా మీద కోపంతో కాదు. నాకు తెలిసిపోతుందేమోనని. నేను ఒక నేరం మోస్తున్నాననుకుని ఇన్నేళ్ళు ఆమె మొహం తప్పించుకున్నాను, ఆమె ఇంకొకటి మోస్తూ నా మొహం తప్పించుకుంది. ఒకే ఇంట్లో తిన్నాం, పడుకున్నాం, ఒకరి తల ఒకరం దువ్వుకున్నాం, ఈ ఒక్క మాట అనుకోలేకపోయాం. "ఆ పాప ఇప్పుడు యాడుండాదో," అన్నాను.

"సల్లగా ఉండాలి. మంచి బిడ్డ," అంది అమ్మ. కొంగుతో మొహం తుడుచుకుంది.

దినేశ్ ఫోన్ చేశాడు. "అత్తా, ఎక్కడున్నారు? లొకేషన్ పెట్టు." పెట్టాను. బండి అవతలి రోడ్డుకు తెస్తానన్నాడు. అమ్మ లేచి కర్ర సర్దుకుంది. రోడ్డు దాటాలి. ఆటోలు ఆగడం లేదు, పసుపు బట్టల గుంపు ఒకటి మమ్మల్ని తోసుకుంటూ పోతోంది. అమ్మ కర్ర లేని చేత్తో నా ఎడమ మణికట్టు పట్టుకుంది. వేళ్ళు మెల్లగా పైకి జరిగాయి. మోచేతి దగ్గర, ఎముక పక్కకు పొడుచుకున్న చోట ఆగాయి. అది దొరికాక, "పా మే," అంది.